సైరన్ మోగితే గేటు దగ్గరికి

ఉదయశ్రీ ఉప్మా కలుపుతూనే మొగుడి మీద విరుచుకుపడింది.

"రాత్రి తమ్ముడు మళ్ల ఫోన్ చేసిండు. మెల్‌బోర్న్‌లో వాడి ఆఫీసులోనే కంప్యూటర్ జాబ్ అంట, ఇంటర్వ్యూ జస్ట్ ఫార్మాలిటీ అంట. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

శివప్రసాద్ బూట్లు తొడుక్కుంటూ నవ్వాడు. తెనాలి మనిషి, సగం మాటలు నవ్వుతోనే దాటేస్తాడు. "రెండువేలు రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయంటూ వైటూకే అని పూనకం వచ్చి దొరికినవాణ్ణల్లా తీసుకుంటున్నారు. జనవరిలో పూనకం దిగాక మన గతేంటి? ఇక్కడ బంగారు గనిలో అండర్‌గ్రౌండ్ ఇంజనీర్ని. అక్కడ మీ తమ్ముడి కింద పనిచెయ్యాలా?"

"చెయ్యండి! వాడి కింద చెయ్యండి, భూమి కింద వద్దు."

"కొత్తగూడెం పిల్లవి, గనంటే భయమేంటే?"

ఆమె తండ్రి బొగ్గు గనిలోకి దిగి మళ్లీ పైకి రాలేదని తెలిసీ అన్నాడా మాట! ఆమెకు ఒళ్లు మండిపోయింది. "పోండి! ఆ బొందలోనే పడుండండి!" అనేసింది. అతను టిఫిన్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

పడమటి ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ అంటే ఏం ఊరనుకున్నారు! బంగారం పేరు చెబితే లోకమంతా వచ్చి వాలింది. అటు పక్కింట్లో ఇటలీ వాళ్లు, ఇటు క్రొయేషియా వాళ్లు, శ్మశానంలో ఒంటెలు తోలిన అఫ్గాన్ల సమాధులు. వంటల వాసన ఇంటికొకటైనా, ఎర్రదుమ్ము మాత్రం అందరిళ్లలో ఒక్కటే. ఉదయశ్రీ తుడిచిన గట్టునే మళ్లీ తుడిచింది. మనసు కుదురుగా లేదు.

పదకొండు గంటలప్పుడు గని సైరన్ మోగింది.

కొత్తగూడెంలో వేళ కాని వేళ సైరన్ మోగితే, ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం వదిలేసి గని గేటుకు పరుగెత్తేవాళ్లు. ఉదయశ్రీ కూడా పరుగెత్తింది. ఫోన్ ఉందన్న సంగతే గుర్తు రాలేదు. పొద్దున తన నోటితో తనే అంది కదా, దేవుడా!

వీధి చివర గేటు దగ్గర అప్పటికే ఇద్దరున్నారు. అటు పక్కింటి ఇటలీ ముసలావిడ థెరీసా, ఆవిడ చెయ్యి పట్టుకుని ఇటు పక్కింటి మిల్కా. ఇద్దరి కొడుకులూ గనిలోనే పని.

"కంగారు పడకమ్మా, టెస్ట్ సైరనే," అంది థెరీసా ఇంగ్లీషులో. "న్యూ ఇయర్‌కి కంప్యూటర్లు ఆగిపోతే ఎలా అని చూసుకుంటున్నారు. పేపర్లో వేశారు."

"తెలిసీ వచ్చారా ఆంటీ?"

"మా అమ్మ వచ్చేది, నేనూ వస్తాను. పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో, పరాయి దేశాలవాళ్లను తరిమెయ్యాలని జరిగిన అల్లర్లలో మా ఇల్లు తగలబెట్టారు, మిల్కా వాళ్లదీ తగలబెట్టారు. నాకప్పుడు ఆరేళ్లు. సైరన్ మోగితే మాత్రం, ఆ తగలబెట్టినవాళ్ల పెళ్లాలూ ఇక్కడే మా అమ్మ పక్కన నిలబడేవాళ్లు."

అంతలో, టెస్ట్ కోసం గనిలోంచి పైకి రప్పించినవాళ్లతో పాటు శివప్రసాద్ గేటు దాటి వచ్చాడు, నవ్వుతూనే. "ఓసి పిచ్చిదానా! టెస్టే!"

ఉదయశ్రీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా నాయన కోసం చీకటి పడేదాకా ఇట్లనే నిలబడ్డ. అమ్మ ఇంటికి రమ్మన్నా కదల్లే. మళ్ల నాతోని కాదండీ."

అతని నవ్వు ఆగిపోయింది. "నువ్వు మెల్‌బోర్న్ మోజుతో సతాయిస్తున్నావనుకున్నానే. అక్కడ మనవాళ్లున్నారు, గుడుంది, అందుకనుకున్నా. మీ తమ్ముడికి వస్తానని చెప్పు. నెల నోటీసిచ్చేస్తా."

ఆమె, దుమ్ము పట్టిన అతని చొక్కాలోనే ముఖం దాచుకుని భోరుమంది. అతను వీపు నిమురుతూ, "ఇంకెళ్లు, షిఫ్ట్ అవగానే వచ్చేస్తా," అన్నాడు.

అతను లోపలికి వెళ్లాడు. ఆమె ఇంటికి వెళ్లలేదు. థెరీసా కాస్త జరిగి, గోడ నీడలో ఆమెకు చోటిచ్చింది.