నాయన పేరు కొట్టేసిన రెజ్యూమె

"గాడ్విన్, నీ ప్రాణం ఇప్పుడు ఒక్క పేజీలో ఉంది," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ శాంతిరాజు.

బంగారుపేట స్టేషన్ వెయిటింగ్ రూమ్. చీఫ్ మామిడికాయల వ్యాపారి వేషంలో ఉన్నాడు. దగ్గరికొస్తే మాత్రం ఖరీదైన సెంటు వాసన.

విషయం చిన్నది, ప్రమాదం పెద్దది. కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్ళో పాత బంగళా అద్దెకు తీసుకున్న సర్వే కంపెనీ నిజానికి ఒక విదేశీ ముఠా. బంగారుపేట జంక్షన్ సిగ్నళ్ళను గుప్పిట్లో పెట్టుకుని రెండు రైళ్ళను ఢీకొట్టించే మెషీన్ వాళ్ళ దగ్గర ఉంది. దాన్ని చూసుకునే రేడియో ఇంజనీర్ కావాలని ప్రకటన ఇచ్చారు. ఉన్నది ఒకే ఉద్యోగం, అప్లై చేసింది జిల్లాలో సగం మంది కుర్రాళ్ళు.

"ఆ ఊరివాడివని నిన్ను ఎంచుకున్నాను. 'కష్టపడి పనిచేస్తాను' లాంటి సోది వద్దు. ఏం రిపేరు చేశావో, దాంతో ఏం ఒరిగిందో రాయి. వాళ్ళ ప్రకటనలోని మాటలే ఈ రెజ్యూమెలో కనపడాలి. ఇదేమిటి, మొదటి లైన్లోనే తండ్రి పేరు, ఆయన పనిచేసిన గని పేరు? కొట్టెయ్!"

గాడ్విన్‌కు చెయ్యి రాలేదు. అయినా కొట్టేశాడు.

ఉద్యోగం వచ్చింది. మెషీన్ గదిలో అడుగుపెట్టగానే వెనక ఇనుప తలుపు మూసుకుంది. కిటికీ లేదు. చొక్కా గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్ ఆ గోడల మధ్య మూగబోయింది. ఎదురుగా మేనేజర్ మునీంద్ర. పక్కన పిస్టల్‌తో జూలియా. ముఠాకు హెచ్ఆర్ ఆమే, డిపార్ట్‌మెంట్‌కు రహస్యాలు అమ్మే డబుల్ ఏజెంటూ ఆమే. ఎర్ర లిప్‌స్టిక్, కిటికీ లేని గదిలో కూడా నల్ల కళ్ళద్దాలు. ఎవరి మనిషో ఆమెకైనా తెలుసో లేదో!

"రెజ్యూమె శానా బాగుండాదప్పా," అన్నాడు మునీంద్ర. "అదే నాకు అనుమానం. ఈ ఊర్లో ఎవురు రాసినా పైన నాయన పేరు, ఆయప్ప ఏ గనిలో చేసినాడో రాస్తారు. నువ్వొక్కడివే రాయలే. ఇది యాడనో ఆఫీసులో కూర్చోని రాయించింది. ఎవురు పంపినారు నిన్ను?"

మెషీన్ మీద ఎర్ర దీపం వెలిగింది. రైళ్ళు దగ్గరికొస్తున్నాయి. ఇక స్విచ్ వేయడమే తరువాయి.

గాడ్విన్‌ను చావు భయం కంటే సిగ్గే ఎక్కువ బాధించింది. నాయన పేరు తన చేత్తో తనే కొట్టేశాడు. చచ్చేముందైనా ఆ పేరు నోరారా చెప్పాలనిపించింది.

"మా నాయన దేవసహాయం. ఛాంపియన్ రీఫ్స్ గనిలో పైకప్పుకు కొయ్య దన్నులు పెట్టే టింబర్ మేస్త్రీ. లోపల బండ పేలినప్పుడు ఒకాయన్ని పైకి ఎత్తుకొచ్చినాడు. ఇంకొకర్ని తెచ్చేదానికి మళ్ళా దిగినాడు. రాలే."

జూలియా కళ్ళద్దాలు తీసింది.

"ఆ పైకొచ్చినాయన మా నాయనప్పా. మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థనలో ఇప్పటికీ దేవసహాయం పేరు చెప్తాము."

మునీంద్ర చెయ్యి స్విచ్ మీదికి పోయింది. జూలియా పిస్టల్ పేలింది. ఆ చెయ్యి స్విచ్‌ను తాకకుండానే వాలిపోయింది. గాడ్విన్ ఒక్క దూకు దూకి కేబుల్ పీకేశాడు. బంగారుపేటలో రెండు రైళ్ళూ మామూలుగానే, అంటే ఆలస్యంగానే, వచ్చి ఆగాయి.

బంగళా బయటికి రాగానే గుండీలోని ట్రాన్స్‌మిటర్ మళ్ళీ పలికి పోలీసులను రప్పించింది. జూలియా నిట్టూర్చింది. "ఇంగ నా ఉద్యోగం పాయె. కొత్త రెజ్యూమె రాయాల. రెఫరెన్సుకి ఎవురి పేరు పెట్టేదప్పా?"

చేతికి కట్టుతో పోలీసు జీపు ఎక్కుతున్న మునీంద్రను చూపించాడు గాడ్విన్.

"ఆయప్పదే పెట్టమ్మా. ఇంగ కొన్నేళ్ళు అడ్రసు మారదు."