ఒక తుపాకి, రెండు చోట్లు

"ఒకటే, సత్యారావ్. మనిషికి ఒక్క తుపాకి."

పెల్ దొర బల్ల మీద మూడు తుపాకులు వరసగా పేర్చాడు. కిటికీ బయట 1926 జూన్ నెల వాన. రంగూన్ స్ట్రాండ్ రోడ్డు మీద ఎడ్లబళ్ళు బురదలో దిగబడి బండివాళ్ళు తిట్టుకుంటున్నారు.

"సెక్రటేరియట్ ఆర్డర్. మిగతావన్నీ సరెండర్. ఆ ఒక్కటీ రోజూ ఒంటి మీద మోయడానికీ పనికిరావాలి, ఇంటి కాపలాకీ పనికిరావాలి. సెలెక్ట్ చేసుకుని సంతకం పెట్టు."

సత్యారావుకి యాభై రెండేళ్ళు. పైకి బియ్యం మిల్లు గుమస్తా. లోపల ఇరవై మూడేళ్ళుగా పోర్టు ఇంటెలిజెన్స్ ఏజెంటు. ఒకప్పుడు ఫకీరు వేషం వేసుకుని సిరియం దాకా నడిచినవాడు. ఇప్పుడు మేడమెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆ మూడు తుపాకుల్నీ చూస్తుంటే అతనికి ఆవలింత వచ్చింది.

"మిషన్ ఏమిటి సర్?"

"కెప్టెన్ డ్రేయర్. ఓడల్లో దొంగ పిస్తోళ్ళు దింపే విదేశీ ముఠా. హార్బర్లో మన ఇన్‌ఫార్మర్లు పదకొండు మంది పేర్లున్న లిస్టు నీ ఇంట్లో ఉందని వాళ్ళకి తెలిసిపోయింది. అది దొరికితే పదకొండు శవాలు నదిలో తేలతాయి. దానికోసం నిన్నయినా పట్టుకుంటారు, నీ ఇంటి మీదయినా పడతారు."

"ఎవరు చెప్పారు?"

"కనకరత్నం."

కాకినాడ నాటకాల కంపెనీతో వచ్చి రంగూన్‌లో స్థిరపడిన నటి. పొద్దున డిపార్ట్‌మెంటుకీ సాయంత్రం డ్రేయర్‌కీ కబుర్లు మోసే డబుల్ ఏజెంటు. ఆవిడ ఎవరికీ అబద్ధం చెప్పదు. ఇద్దరికీ నిజాలే చెబుతుంది, అదీ చిక్కు.

"రేపు నాలుగింటికి, నది అవతలికి దాటించే దలా ఫెర్రీ జెట్టీ దగ్గర ఆవిణ్ణి కలుస్తావు," అన్నాడు పెల్. "ఒక్క తుపాకి ఆర్డరు సంగతి ఈపాటికి టీ కొట్లకి కూడా పాకి ఉంటుంది. నీ ఒంటి మీద తుపాకి ఉంటే ఇల్లు ఖాళీ అని వాళ్ళ లెక్క. లేకపోతే నిన్నే పట్టుకుంటారు. మఫ్టీలో నా మనుషులు ఆరుగురు జెట్టీ మీద ఉంటారు."

"అయితే ఉత్త చేతుల్తోనే వస్తాను."

"గుడ్. ఇంకోటి. నీ ఇంటి తడక తీయించి ఇటుక గోడ శాంక్షన్ చేయించాను. ఇదిగో ఫారం."

"తరవాత చూస్తాను సర్. ముందు ఈ మూడూ ఇంటికి పట్టుకెళతాను."

"ఇంటికా?"

"చీరలవాడు కూడా మూట ఇంట్లో వదిలే వెళతాడు సర్. ఏరుకోవడం ఆడవాళ్ళ పని."

* * *

బోటటాంగ్‌లో కూలీల లైను. చివరి ఇల్లు సత్యారావుది. అక్కణ్ణించి వరసగా పదిహేను గదులు, గదికీ గదికీ మధ్య వెదురు తడక. పక్కింటి చిలకమ్మ పోపు పెడితే ఇక్కడ తుమ్ములొస్తాయి. రహస్యాల ఉద్యోగం చేసే మనిషికి ఇంతకన్నా పనికిమాలిన ఇల్లు రంగూన్ మొత్తంలో లేదు. గోడకి చెవులుంటాయని భయపడి భయపడి, మొగుడూ పెళ్ళాలకి గుసగుసగా మాట్లాడుకోవడమే అలవాటైపోయింది.

"ఏటివి మావా?" అంది తాయారు, మూట విప్పగానే.

చెప్పాడు. డ్రేయర్ సంగతి తప్ప అంతా చెప్పాడు.

మొదటిది మిలిటరీ రివాల్వర్. రెండు చేతుల్తో ఎత్తి చూసి, "పొత్రంలాగుంది," అని తిరిగిచ్చేసింది. సత్యారావు దాన్ని మొలలో దోపుకుని రెండడుగులు వేశాడు. మూడో అడుగులో తుపాకీ పంచే కలిసి కిందికి జారాయి. తాయారు నవ్వలేక కూలబడింది. తరవాత తడక వైపు చూసి నవ్వు ఆపేసింది.

"ఇంట్లో ఇది కాలిస్తే గుండు తడక దూరి అవతలికెల్లిపోద్ది మావా. చిలకమ్మ పసిగుంట ఉయ్యాల్లో పడుకుంటాది."

రెండోది బల్లపరుపుగా ఉండే ఆటోమేటిక్. మొలలో బుద్ధిగా కూర్చుంది. కానీ మొదటి గుండు ఎక్కాలంటే పైనున్న ఇనుము వెనక్కి లాగాలి. పదేళ్ళు బియ్యం గోతాలు కుట్టి అరిగిన తాయారు వేళ్ళకి అది లొంగలేదు.

"దొంగోడొస్తే కూసింత ఆగమని సెప్పాలా?"

మూడోది పొట్టి రివాల్వర్. ఐదే గుళ్ళు. బట్టకి తగులుకునే కొక్కెం లేదు, లాగాల్సిందేమీ లేదు. గుళ్ళు తీసిస్తే తాయారు రెండు వేళ్ళతో నొక్కి చూసింది. టక్కుమంది.

"ఇదయితే నొక్కగలను."

"ఏ పరిస్థితిలోనూ ఉయ్యాల వైపు కాల్చకు."

"నాకు తెల్దేటి?" అని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "మరి నువ్వు బయటికెల్తే ఇది నీకా, నాకా?"

ఈ ప్రశ్న పెల్ దొరకీ తట్టలేదు, సెక్రటేరియట్‌కీ తట్టలేదు. ఆ ఆర్డరు రాసిన దొరకి పెళ్ళయినట్టు లేదు.

"రేపటికి నీకే," అన్నాడు. "నాది ఊరికే కబుర్ల పని."

తాయారు అతని మొహంలోకి చూసింది. ఇరవై మూడేళ్ళుగా అతని అబద్ధాలు వింటున్న మనిషి. తుపాకి బియ్యం కుండలో పెట్టింది. లిస్టు మూలనున్న రోకట్లో ఉంది. డిపార్ట్‌మెంటు వడ్రంగి చేసిన బోలు రోకలి అది, కింది ఇనప పొన్ను తిప్పితే ఊడుతుంది. దంపుడికి పనికిరాదని తాయారుకి దాన్ని చూస్తే ఒళ్ళుమంట.

* * *

మర్నాడు నాలుగింటికి సత్యారావు మేస్త్రీ వేషంలో జెట్టీ మీద నిలబడ్డాడు. నల్లకోటు, గొడుగు, మొలలో రోజూ ఉండే తాంబూలం సంచి. దలా వెళ్ళే జనంలో మఫ్టీ పోలీసులు బుట్టలు పట్టుకుని ఉన్నారు. ఆరుగురివీ కొత్త బుట్టలే. ఆ మాట చెప్పే ఓపిక కూడా అతనికి లేకపోయింది.

కనకరత్నం జరీచీరలో, అత్తరు వాసనతో వచ్చింది.

"సిరియం మామిడిపళ్ళు దిగాయా మేస్త్రీగారూ?"

"దిగాయి. పుల్లనివి."

కోడ్ సరిపోయింది. తడి చెక్క మీద ఆవిడ కాలు జారింది. రంగస్థలం మీద ఎన్నోసార్లు జారిన కాలే. పడబోయి అతన్ని పట్టుకుంది. మోచెయ్యి సంచికి తగిలింది. ఆవిడ కళ్ళలో జాలి కనిపించింది.

"మనిద్దరం పెద్దవాళ్ళమైపోయాం రావుగారూ," అని నీలం గొడుగు విప్పింది.

ఎదుట టీ కొట్లో ఇద్దరు లేచారు. సత్యారావు వాళ్ళకోసం సిద్ధంగా నిలబడ్డాడు. వాళ్ళు అతని వంకైనా చూడకుండా బోటటాంగ్ వైపు పరుగెత్తారు.

అతనికి అర్థం కాలేదు. చెయ్యి సంచి మీదికి పోయింది. అడకత్తెర కాళ్ళు తగలాల్సిన చోట గుండ్రంగా ఏదో తగిలింది. తమలపాకులు తీసి చూశాడు. పొట్టి రివాల్వర్. ఐదు గుళ్ళతో సహా.

తను స్నానం చేస్తున్నప్పుడు తాయారు పెట్టి ఉంటుంది. అబద్ధం కనిపెట్టేసింది. తన దగ్గర ఉంచుకోవాల్సినదాన్ని మొగుడితో పంపించేసింది. ఎంత పని చేశావే తాయారూ.

తుపాకి కనకరత్నం వైపు తిప్పాడు. "ఏం తీసుకెళ్ళారు వాళ్ళు?"

"కత్తులు. నన్ను మీరు కాల్చరు."

"కాల్చను. ఓపిక లేదు. డ్రేయర్ ఎక్కడ?"

"దలా ఒడ్డున, ఆకుపచ్చ లాంచీలో. మీ సంగతి వాళ్ళకి చెప్పాను కదా, వాళ్ళది మీకు చెప్పకపోతే న్యాయం కాదు."

ఆవిణ్ణీ, లాంచీ కబురునీ మఫ్టీవాళ్ళకి అప్పగించి సత్యారావు తమ లైనులోనే ఉండే జోగి రిక్షాలోకి దూకాడు.

"జోగీ, ఇంటికి!"

"ఏటైనాది గుమస్తాబాబూ?"

"మీ అక్క ఒంటరిగా ఉందిరా!"

జోగి వానలో బురద చిమ్ముకుంటూ లాగాడు. మిల్లు మలుపులో ధాన్యం బళ్ళు దారి మూసేశాయి. సత్యారావు దిగి పరుగెత్తాడు. ఒక చేత్తో పంచె, ఒక చేత్తో తుపాకి. మోకాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. పదకొండు పేర్లూ మరిచిపోయాడు. ఒక్క పేరే నోట్లో ఆడుతోంది.

తలుపు విరిగి ఉంది.

లోపల అడుగుపెట్టడానికి చోటు లేదు. నలభై మంది నైట్ షిఫ్టు కూలీలు, గావంచాలు కట్టుకుని, ఎర్రటి కళ్ళతో గదంతా నిండిపోయారు. డ్రేయర్ మనుషులిద్దరూ నేల మీద బోర్లా ఉన్నారు, ఒక్కొక్కడి వీపు మీద నలుగురు కూర్చున్నారు. పీటకి జానెడు దూరంలో ఒక కత్తి నేలలో దిగి ఉంది. పీట మీద తాయారు కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరిస్తోంది. ఒక్క ముక్కా సరిగ్గా తెగడం లేదు.

తడకలో రోకలి పట్టేంత చిల్లు ఉంది. చీలిపోయిన రోకలి ఆవిడ ఒళ్ళో ఉంది, కాగితం అంచు బయటికి కనిపిస్తోంది.

"కాయితమేదని కత్తెత్తినాడు," అంది. "ఇదిగోనని రోకలి తీసి తడకలోకి పొడిసినాను. చిలకమ్మోయ్ అని అరిసినాను. ఇరవై మూడేళ్ళ అరుపు మావా, ఒక్కపాలి వొచ్చీసినాది."

చిలకమ్మ పసిపిల్లని భుజాన వేసుకుని చిల్లులోంచి తొంగి చూసింది. "పొడిసింది ఉయ్యాలకి ఎడంగానేలే. గుంట లేసి ఏడిసింది. దాని ఏడుపుకి లైనంతా లేసింది. పగలు నిద్దరోయే నైటుషిప్టోళ్ళని లేపితే ఊరుకుంటారేటి?"

సత్యారావు భార్య పక్కన చతికిలపడ్డాడు. ఏడుపొచ్చింది. అంతమందిలోనూ దాచుకోలేదు.

"తుపాకి నా సంచిలో ఎందుకు పెట్టావే?"

"నువ్వు నాకెందుకు ఒగ్గీసినావు?"

తాయారు ఒక వక్కముక్క అతని చేతిలో పెట్టింది.

దీపాల వేళకి ఆకుపచ్చ లాంచీలో డ్రేయర్ దొరికాడు. మర్నాడు పెల్ దొర బల్ల మీద రెండు ఫారాలు ఎదురుచూస్తున్నాయి. మొదటిదాంట్లో సత్యారావు పొట్టి రివాల్వర్ నంబరు వేసి సంతకం పెట్టాడు. రెండోది ఇటుక గోడది. దాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాశాడు:

"గోడ వద్దు. ఉన్న చిల్లు కూడా పూడ్చవద్దు. రోకలి మాత్రం ఈసారి గట్టిది ఇప్పించగలరు."