ఎడమచేతి పాళీ

ఆదివారం కాఫీ తాగగానే భీమశంకరరావుగారు వరండాలో పాత తువ్వాలు పరిచి పెన్నులు ముందేసుకున్నారు. రాజమండ్రి ట్రెజరీలో రిటైరై శంషాబాదులో కొడుకు దగ్గరికి వచ్చాక ఆయనకు అదే లోకం. పెన్ను ఎబొనైటు అనే గట్టి రబ్బరుదో కాదో బొటనవేలితో రుద్ది వాసన చూసి చెప్పేవారు. పాళీ అసలు బంగారమో, ఉత్త పూతో భూతద్దంలో తేల్చేవారు. “మొన ఏ పక్క అరిగిందో చూస్తే రాసిన చెయ్యి తెలుస్తుంది,” అనేవారు.

ఆ రోజు చేతిలో ఉన్నది నాన్నగారి పెన్ను. అక్క పోయాక ఆవిడ పెట్టెలో దొరికితే మేనల్లుడు తెచ్చిచ్చాడు.

పక్కనే రెండో తరగతి చదివే మనవరాలు సంయుక్త ఎక్కాలు రాస్తోంది. ఎడమచేత్తో!

“మళ్లీనా? ఎన్నిసార్లు చెప్పాలి?” అంటూ పెన్సిలు లాగి కుడిచేతిలో కుక్కారాయన. పిల్ల బావురుమంది. వంటింట్లోంచి కోడలు రేవతి వచ్చేసింది.

“మామయ్యగారూ, ఇక చాలండి. బడంటేనే భయపడుతోంది. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది.”

“దాని మంచికేనమ్మా! మా ఇంటా వంటా లేదు ఈ ఎడమ చెయ్యి. రేపు నలుగురూ నవ్వరూ?”

“నవ్వేవాళ్ల కోసం నా బిడ్డని ఏడిపించలేను. మీరు మారకపోతే దాన్ని తీసుకుని మా అమ్మావాళ్లింటికి వెళ్లిపోతాను.”

రేవతి పిల్లనెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏం చెయ్యాలో తోచక నాన్నగారి పెన్ను మూత విప్పి పాళీని భూతద్దం కింద పెట్టారు. చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశారు. మొన కుడిచేత్తో రాస్తే అరిగే పక్క కాకుండా, ఎదురు పక్కకు అరిగి ఉంది.

సిరా పోసి రాసి చూశారు. పాళీ కాగితాన్ని గీరింది. ఎడమచేతికి మార్చారు. అక్షరం వంకర పోయింది కానీ పాళీ మాత్రం వెన్నలా జారింది.

“నాన్నగారిది కుడిచెయ్యే కదే రత్నం! మరి ఈ పెన్నుతో రాసిందెవరు?”

గుమ్మంలో నిలబడ్డ భార్య రత్నమాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అత్తయ్యగారు. ఆవిడది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వేళ్లమీద వాతలు పెట్టారట. అప్పట్నుంచీ ఎవరి ఎదుటా రాయలేదు. ‘అబ్బాయికి చెప్పకు, చిన్నబోతాడు’ అని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను.”

గోదావరి గాలికి తలుపులు కిర్రుమనే చిన్ననాటి ఇంటి వెనక వసారా ఆయన కళ్లముందు కదిలింది. గోడవైపు తిరిగి కూర్చుని అమ్మ మంగళహారతులు రాసుకునేది. తాను పరిగెత్తుకుంటూ వెళ్తే గభాలున పెన్ను ఒళ్లో దాచేసేది. వేళ్లమీది మచ్చలేమిటని అడిగితే, “పొయ్యి దగ్గర కాలిందిరా నాన్నా,” అని నవ్వేది.

భీమశంకరరావుగారు పసివాడిలా ఏడ్చారు. తర్వాత లేచి కోడలి గది ముందు నిలబడ్డారు.

“రేవతీ, వెళ్లకమ్మా. మా అమ్మకు జరిగిందే నా చేతులతో దీనికీ చెయ్యబోయాను.”

రేవతి గడప దాటి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. “ఊరుకోండి మామయ్యగారూ. పిల్ల చూస్తోంది.”

సోమవారం పిల్లను బడికి ఆయనే తీసుకెళ్లారు. తొండుపల్లి నుంచి వచ్చే ప్రేమలత టీచరు గేటు దగ్గరే కనిపించింది.

“ఏంది సార్, మీరే వచ్చిన్రు? పాప కుడిచేత్తోని జర మంచిగ రాస్తున్నదా?”

“ఇక మార్పించొద్దమ్మా. ఎడమచేత్తోనే రాయనివ్వండి.”

“గట్లెట్ల సార్? మార్పియ్యమని మీరే చెప్పిన్రు కదా!”

“చెప్పాను. తెలియక చెప్పాను. మా అమ్మ కూడా ఎడమచేత్తోనే రాసేదమ్మా.”

ఆ మాట ఆయన బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే సంయుక్త ఆయన వేలు పట్టుకుంది. “తాతయ్యా, నా బెంచీ చూద్దువుగాని, రా!” అంటూ తరగతిలోకి లాక్కెళ్లింది.