గేటు దగ్గర పేరు పిలవొద్దు

జైలుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, పసుపు బోర్డున్న చిన్న గది మిస్ ఒడీల్‌ది. బెయిలు ఏజెంటు. పాత ఏసీ గొణుగుతోంది. దాని కింద పెట్టిన బకెట్లో నీళ్ళు టప్ టప్‌మంటున్నాయి. శనివారం మధ్యాహ్నం, లూసియానా ఉక్కపోత. వెర్డీన్ కుర్చీ అంచు మీద కూర్చుని రుమాలు పిండుతోంది.

"మీ తమ్ముడేం చేశాడమ్మాయ్?"

"రొయ్యల పడవ ఓనర్ని కొట్టాడు. ఒక్క దెబ్బే."

"ఒక్కటేనా? జడ్జి పది దెబ్బల రేటు వేశాడే!" ఒడీల్ కళ్ళజోడు పైకి తోసింది. "సరే, విను. మొత్తం నువ్వే కట్టగలిగితే నా గుమ్మం ఎక్కవు. అందుకని అందులో పదోవంతు నాకిస్తావ్. అది మళ్ళీ అడక్కూడదు, అది నా కూడు. మిగతాదానికి కోర్టుకి నేను పూచీ. నాకు నువ్వు పూచీ, నీ ఇల్లు పూచీ. వాయిదాకి వాడొచ్చాడా, ఎవరిదారి వాళ్ళది. రాలేదా, వాడి వెనక మనుషుల్ని పంపిస్తా, నీ ఇంటి తాళం అడుగుతా. అర్థమైందా?"

"అయింది."

"ఇంతకీ ఇంతమంది ఏజెంట్లుండగా నా దగ్గరికే ఎందుకొచ్చావ్?"

"వాడే చెప్పాడు. లోపల ఫోను పక్కన గోడమీద మీ అందరి నంబర్లూ గీకి ఉన్నాయంట. మీ నంబరు కింద 'ఈవిడ అబద్ధం చెప్పదు' అని రాశారంట."

"అబద్ధమాడే ఓపిక లేకమ్మా, అంతే."

వెర్డీన్ నవ్వింది. రెండ్రోజుల తర్వాత మొదటిసారి. అమ్మ పోయాక ఆల్సీడ్‌ని చంకనేసుకుని పెంచింది తనే. వాడు జైలు కూడు తింటున్నాడంటే తనకి ముద్ద దిగలేదు. ఇల్లు రాసిచ్చినా సరే, వాడు బయటికి రావాలి.

సంతకం పెట్టి లేవబోతుంటే ఒడీల్ మణికట్టు పట్టుకుంది.

"ఒక్క మాట. గేటు దగ్గర నువ్వు పేరు పెట్టి పిలవొద్దు. వచ్చినవాడు తనంతట తను పేరు చెప్పాలి. అప్పుడే బండెక్కించు. మా అమ్మ ఈ పని చేసిన రోజుల్నుంచీ ఈ రోడ్డు మీద ఏజెంట్లందరం అంతే."

"ఎందుకు?"

"పిలిస్తే ఎవడైనా పలుకుతాడు."

పొద్దు వాలేసరికి వాన అందుకుంది. జైలు గేటు దగ్గర బండి ఆపి, అద్దం తుడుచుకుంటూ కూర్చుంది వెర్డీన్. ఇనప తలుపు జుయ్‌మంది. సన్నటి మనిషొకడు, చేతిలో సామాన్ల సంచి, తల వంచుకుని బయటికొచ్చాడు. అదే నడక. వానలో తడుస్తున్నాడు...

వెర్డీన్ ఉండబట్టలేకపోయింది.

"ఆల్సీడ్! ఒరే ఆల్సీడ్, ఇటు!"

అతను ఆగాడు. కొత్త చొక్కా తొడిగి చూసుకున్నట్టు కాసేపు నిలబడ్డాడు.

"ఆ," అన్నాడు.

బండంతా బ్లీచింగు వాసన. తడిసిన సిమెంటు వాసన. "కొట్టారేంట్రా?" అంటే "ఆ" అన్నాడు. "కొట్టలేదా?" అన్నా "ఆ" అన్నాడు. అలిసిపోయాడు పాపం అనుకుంది.

ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మొహం గోడకి తిప్పుకుని.

"రారా! నీ ఇంటికి నిన్ను బ్యాండు పెట్టి పిలవాలా?"

అప్పుడు లోపలికొచ్చాడు. హాలు నుంచి వంటింటికెళ్ళే చోట మళ్ళీ ఆగాడు. మళ్ళీ గోడకి మొహం. రమ్మంటేగానీ కదల్లేదు. రెండ్రోజులకే జైలు అలవాటైపోయిందేమిట్రా అని వేళాకోళం ఆడబోయింది. ఆపుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.

బెండకాయ రొయ్యల కూర, అన్నం పెట్టింది. అతను కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఉరుము. కరెంటు పోయింది. రేకుల మీద వాన హోరు. ఆ హోరు కాస్త తగ్గినప్పుడు వెర్డీన్‌కి తన ఊపిరి వినిపించింది.

తనదొక్కటే.

ఫోను మోగింది. ఎత్తితే రికార్డు చేసిన ఆడగొంతు: "ఇది జిల్లా జైలు నుంచి వస్తున్న కాల్. మీతో మాట్లాడాలనుకుంటున్నది..."

ఆ ఖాళీలో ఖైదీ తన పేరు తను చెప్పుకుంటాడు.

"ఆల్సీడ్. అక్కా, నేనే."

"...అంగీకరిస్తే ఒకటి నొక్కండి."

బల్లకి అవతల అతను కదల్లేదు. వెర్డీన్ ఒకటి నొక్కింది.

"అక్కా... ఎప్పుడొస్తావే?" గుసగుస. "ఏజెంటు దొరకలేదా? ఇక్కడేదో అయింది. హాజరు పిలిచారు, నా పేరు పిలవలేదు. అందరికీ కంచాలిచ్చారు, నాకివ్వలేదు. అరుస్తున్నా... నా వైపు చూడట్లేదక్కా. ఎవడూ..."

లైను తెగింది.

వెనక వరండాలోకి పోయి ఒడీల్‌కి ఫోను చేసింది. అంతా విని ఒడీల్ ఒకటే అడిగింది.

"నువ్వు పిలిచావా?"

"...పిలిచాను."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"వాళ్ళ లెక్కలో నీ తమ్ముడు బయటికొచ్చేశాడు. లోపల లేనివాణ్ణి నేనెలా విడిపించను?"

"దారి లేదా మిస్ ఒడీల్? మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒకటుంది. పూచీ వెనక్కి తీసుకుంటా. ఆ వచ్చినవాణ్ణి తెచ్చి అప్పజెప్పేద్దాం. ఆ పేరు మళ్ళీ లోపలికెళ్తుంది. కనీసం నీ తమ్ముడికి కంచం పెడతారు."

అతను బండి ఎక్కమంటే ఎక్కాడు. దిగమంటే దిగాడు. గేటు దగ్గర ఒడీల్ గొడుగేసుకుని నిలబడి ఉంది. కాపలావాడు ఆవులించాడు.

"ఏంటి మిస్ ఒడీల్, ఇందాకే తీసుకెళ్ళి అప్పుడే తెచ్చారు? సైజు సరిపోలేదా?"

తలుపు తెరుచుకుంది. లోపలి లైటు వెలుగు అతని మొహం మీద పడింది. ఆల్సీడ్ మొహమే. గడ్డం కింద చిన్నప్పటి మచ్చ కూడా. కళ్ళ నిండా నీళ్ళు.

"అక్కా," అన్నాడు. "నన్నెందుకు ఇచ్చేస్తున్నావే?"

తలుపు మూసుకుంది.

వెర్డీన్ తలుపు దగ్గరికి పరిగెత్తింది. తప్పు చేశానా? వాడేనా? లోపల్నుంచి, ఎక్కడో దూరంగా, తమ్ముడి గొంతు. "అక్కా! ఉన్నావా?" అదే గొంతు, ఇంకో మూల నుంచి. "అక్కా! ఉన్నావా?"

ఇనప తలుపుకి చెంప ఆనించి గట్టిగా అరిచింది. "ఉన్నాన్రా! ఇక్కడే ఉన్నా!"

ఒడీల్ ఒక్క ఉదుటున వచ్చి ఆమె నోరు మూసింది. "లోపల్నుంచి పిలిస్తే పలక్కూడదు!" అంది. అప్పటికే అరుపు లోపలికెళ్ళిపోయింది.

ఇద్దరూ ఒడీల్ బండిలో కూర్చున్నారు. అద్దాలకి ఆవిరి పట్టింది.

"మళ్ళీ విడిపించండి," అంది వెర్డీన్. "ఈసారి నోరెత్తను. ఒట్టు."

"ఒకసారి అప్పజెప్పాక మళ్ళీ జడ్జి చెప్పాలి. సోమవారం దాకా ఆయన రాడు."

"అందాకా ఇద్దరూ ఒకే గదిలోనా?"

ఒడీల్ గేటు వైపు చూసింది. ఒళ్ళో ఫోను మోగింది. ఏజెంటుకి జైలు నుంచి ఫోన్లు మామూలే. అలవాటుగా స్పీకరు నొక్కింది.

"ఇది జిల్లా జైలు నుంచి వస్తున్న కాల్. మీతో మాట్లాడాలనుకుంటున్నది..."

వెర్డీన్ ముందుకి వంగింది. తమ్ముడే. తమ్ముడే అయ్యుండాలి.

"వెర్డీన్," అంది ఫోను. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడగొంతు. "మిస్ ఒడీల్, నేను... మీ పక్కన కూర్చున్నదెవరు?"

ఒడీల్ వెర్డీన్ వైపు చూడలేదు. చెయ్యి మాత్రం మెల్లగా బండి తలుపు పిడి మీదికి జరిగింది.