ఆఖరి అధ్యాయం మీద గొడవ

పాస్టీలో కారెట్ ముక్క కనపడగానే టెస్సా ఫోర్కు కింద పెట్టేసింది.

టెస్సా వాళ్ళ ట్రెవారో కుటుంబంలో పాస్టీ అంటే మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, రుటబాగా దుంప. అవి పిండిలో కూరి, మడిచి, అంచు నొక్కి కాల్చడమే. రాగి గనుల్లో పనికోసం ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన ముత్తాతల నాటి నుంచీ అంతే. అందులో కారెట్ వేసేది ఫిన్లండ్ వాళ్ళు. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో వాళ్ళతో పడవ పంచుకోవచ్చు, వియ్యమందవచ్చు. పాస్టీ దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్ళదే.

ఎవరు చేశారిది అని అడిగింది టెస్సా. పొయ్యి దగ్గర నుంచి ఒక పొడుగాటి మనిషి వెనక్కి తిరిగాడు. నాయనమ్మ పూల ఏప్రన్ కట్టుకుని ఉన్నాడు.

"నేనేనండీ. ఈరో నీమి. పక్కింటి మేడమీద అద్దెకుంటున్నాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మీ నాన్నగారు సాయంత్రాలు మీ నాయనమ్మ లాటీగారికి తోడుండమన్నారు."

"తోడుండమన్నారు సరే, కారెట్ వెయ్యమన్నారా?"

"మా ఇంట్లో వేస్తాం," అన్నాడు ఈరో, తప్పేమిటో అర్థంకాని ముఖంతో.

అసలు తప్పు నాన్నది. అక్టోబరు వస్తే ఆయన ఇంట్లో ఉండడు. లేళ్ళ వేట మొదలయ్యేలోపు అడవిలో గుడిసె కప్పు బాగుచెయ్యాలంటూ శుక్రవారం వెళ్తే ఆదివారంగానీ రాడు, మామూలు రోజుల్లో కూడా చీకటి పడ్డాకే వస్తాడు. టెస్సా పనిచేసే మందుల షాపులో ఫ్లూ సూదుల కాలం అది, ఊరంతా చొక్కా చేతులు మడుచుకుని వరసలో నిలబడి ఉంటుంది. ఇంక నాయనమ్మ దగ్గర ఎవరుంటారు? టెస్సాని ఒక్కమాట అడగకుండా నాన్న ఈ లెక్కల మాస్టార్ని పెట్టాడు.

ఆ నాయనమ్మేమో రెండో పాస్టీ తింటోంది. "బాగుందే పిల్లా, తియ్యగా ఉంది," అంది. టెస్సాకి కడుపు మండిపోయింది.

ఇంకో అక్టోబరు ఉంటే ఇంత మండేది కాదేమో. లాటీ నాయనమ్మకి చూపు మధ్యలో మసక కమ్మింది. ఎదుటి మనిషి భుజాలు కనపడతాయి, ముఖం కనపడదు. మంచులో ఇక్కడ ఆమెను ఒంటరిగా వదలడం ఎవరికీ ఇష్టంలేక, నెలాఖరుకి అరిజోనాలో అత్తయ్య ఇంటికి పంపేస్తున్నారు. చలికాలానికి మాత్రమే కాదు, మొత్తానికే.

ఏటా ఆకులు రాలేవేళ టెస్సా ఒక లావుపాటి హత్యల నవల తెచ్చి నాయనమ్మకి చదివి వినిపిస్తుంది. బడికి వెళ్ళే రోజుల నుంచీ ఉన్న అలవాటది. రోజుకి కొంచెం చదువుతూ, ఆఖరి అధ్యాయం మాత్రం అక్టోబరు ఆఖరి ఆదివారానికి అట్టే పెడతారు. ఈసారి నవలలో లైట్‌హౌసు కాపలావాణ్ణి ఎవరో చంపేశారు. ఎవరు చంపారన్నది నాయనమ్మ వెళ్ళేలోపు తన గొంతుతో తనే చెప్పాలని టెస్సా పట్టుదల. ఆ ఒక్క ఆదివారం సెలవు కోసమే నెలంతా సూదులు పొడుస్తోంది.

శనివారాలు పాత దెయ్యాల సినిమా. నాయనమ్మకి బొమ్మ కనపడదు కాబట్టి పక్కన కూర్చుని ఎవరో ఒకరు చెప్పాలి. టెస్సా అయితే పరదాల రంగుతో సహా చెప్పేది. ఆ శనివారం షాపులో ఆలస్యమై వర్షంలో తడిసి వచ్చేసరికి, హాల్లో ఈరో గొంతు వినపడింది. దెయ్యం గుమ్మం దగ్గరే ఆగిపోయింది, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక మొహమాటపడుతోంది అని చెప్తున్నాడు.

టెస్సా టీవీ వంక చూసింది. దెయ్యం ఒకడి పీక పిసుకుతోంది. ఈరో మాత్రం కుషను ముఖానికి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

ఇంత భయపడేవారు ఎందుకు ఒప్పుకున్నారని దులిపేసింది. అతను సిగ్గుపడకుండా, లెక్కల్లో దెయ్యాలు ఉండవు కదండీ, అలవాటు లేదు అన్నాడు. నాయనమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఇన్నేళ్ళు తను ఉన్నది ఉన్నట్టు చెప్తే ఒక్కసారైనా ఇలా నవ్విందా? న్యాయం అనేది ఎక్కడైనా ఉంటే ఇలాంటి కుషను మనుషుల్ని సోఫాలోంచి లేపి పంపేసేది.

టెస్సా తల తుడుచుకోవడానికి అతను తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. థాంక్స్ చెప్పకుండా తీసుకుంది. అతని చేతులు వెచ్చగా ఉన్నాయని గమనించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మూడో వారంలో, పొద్దున్నే టోస్టు మీద వెన్న రాస్తూ నాయనమ్మ మామూలుగా అనేసింది.

"చంపింది పోస్ట్‌మాస్టరటే. నిన్న ఈరో ఆఖరిదాకా చదివేశాడు."

టెస్సా కుర్చీ వెనక్కి తోసి లేచింది. కోటు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. పక్కింటి పెరట్లో ఈరో చలికాలానికి కట్టెలు పేరుస్తున్నాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"మీకు మా ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదా? ఆ అధ్యాయం నాదని మీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసి చదివారా?"

ఈరో చేతిలో కట్టె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "లాటీగారు అడిగారు. వెళ్ళేలోపు వినగలనో లేదో అని భయపడుతున్నారు. ఆవిడ అలా అడిగితే కాదనలేకపోయాను. సారీ అండీ."

"సారీతో ఏం చేసుకోను? మా నాయనమ్మ వెళ్ళిపోతోంది. నాకు మిగిలింది ఆ కాస్త. అది కూడా మీరే తీసేసుకున్నారు. రేపటి నుంచి మా ఇంటికి రాకండి."

అతను ఇంకేదో చెప్పబోయి మానేశాడు. ఆ మానెయ్యడం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడు కనీసం వాదించాలి. వాదించకుండా తడుస్తూ నిలబడితే ఎలా తిట్టడం?

ఆ రోజునుంచి టెస్సా సాయంత్రాలు తనే నాయనమ్మ దగ్గర ఉండేలా, షాపులో బతిమాలుకుని పొద్దుటి డ్యూటీ వేయించుకుంది. ఇక ఈరోని తప్పించుకున్నట్టే అనుకుంటే, చర్చి పాస్టీల అమ్మకం ఒకటి వచ్చిపడింది. పిండి ఒత్తే బల్ల దగ్గర ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. కారెట్ ఉన్నవి ఒక ట్రేలో, లేనివి ఒక ట్రేలో. ఆ పూటంతా టెస్సా అతనితో మాట్లాడలేదు. అతని ట్రే ముందు ఖాళీ అయిందని ఇంటికొచ్చాక చాలాసేపు చెప్పింది. అతను అంచులు సరిగ్గా నొక్కడనీ, ముక్కుకి పిండి అంటినా తెలుసుకోడనీ, బక్కచిక్కిపోయినట్టున్నాడనీ, అయినా మనకెందుకనీ చెప్పింది. నాయనమ్మ అన్నీ శ్రద్ధగా వింది.

ఆఖరి ఆదివారం వచ్చింది. నాన్న వాకిట్లో ట్రక్కులోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే విమానం. నాయనమ్మ కుర్చీలో దుప్పటి కప్పుకుని, పుస్తకం తియ్యమంది.

"అయిపోయిందిగా నాయనమ్మా. నీకు తెలిసిపోయిన కథ."

"తెలిస్తే ఏం? నీ గొంతుతో వినలేదుగా. చదువు."

టెస్సా అయిష్టంగా చదవడం మొదలుపెట్టింది. డిటెక్టివు అందరినీ లైట్‌హౌసు మెట్ల దగ్గరికి పిలిచాడు. పోస్ట్‌మాస్టరు నిజం చెప్పాడు, హత్య జరిగినప్పుడు అతను ఊళ్ళోనే లేడు. టెస్సా వెనక్కి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివింది. పేజీ తిప్పింది. చంపింది చచ్చిపోయినవాడి చెల్లెలు.

టెస్సా పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. పోస్ట్‌మాస్టరు చంపాడని కదా నాయనమ్మ చెప్పింది, ఈరో కదా ఆఖరిదాకా చదివింది.

"అతను చదవలేదు," అంది నెమ్మదిగా.

"ఎక్కడ చదివాడు? ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని నోటికొచ్చింది అల్లాడు," అంది నాయనమ్మ. "ఒక్క పేజీ తిప్పిన చప్పుడు లేదు. పైగా పోస్ట్‌మాస్టరు నేరం ఒప్పుకుని, అందరికీ క్షమాపణ చెప్పి, కాఫీ పోశాడట. ఇన్నేళ్ళుగా హత్యలు వింటున్నాను, ఒక్కడైనా కాఫీ పోశాడా? నేను అడిగితే కాదనలేడు. నీది నీకు ఉంచకుండానూ ఉండలేడు. పాపం, చెమటలు పోసుకుంటూ చెప్పాడు."

"నీకు తెలిసే నాకు పోస్ట్‌మాస్టరని చెప్పావా? నేను వెళ్ళి అతన్ని అంత మాట అన్నాను. రావద్దన్నాను."

"కాస్త ఉడికిద్దామని అన్నాను. నువ్వు వెంటనే లేచి పోట్లాటకి పోతావని నేననుకున్నానా? ఆ మర్నాడే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు గుమ్మంలో అడుగుపెట్టింది మొదలు పడుకునేదాకా వాడి మాటలే. నాకు ఆ కథ ఈ పుస్తకం కంటే బాగుంది. మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

టెస్సాకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్ళే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి అంది. నాయనమ్మ చెయ్యి చాచి, తడుముకుని, ఆమె చెంప మీద పెట్టింది.

"రేపు వెళ్ళిపోతున్నానే పిల్లా. ఇది ఎటు తేలిందో వినకుండా నన్ను పంపకు. వెళ్ళి పిలుచుకురా."

పక్కింటి మెట్లు ఎక్కి టెస్సా తలుపు గట్టిగా తట్టింది. ఈరో తలుపు తియ్యగానే, ఊపిరి కూడా తీసుకోకుండా మొదలుపెట్టింది. చదవలేదని ఎందుకు చెప్పలేదు? తిడుతుంటే నోరెందుకు మూసుకున్నారు? నన్ను అంత చెడ్డదాన్ని చెయ్యడానికి మీకేం హక్కుంది?

"చెప్తే అసలు ముగింపు ఇంకా ఉందని లాటీగారికి తెలిసిపోయేది. మళ్ళీ చదవమనేవారు," అన్నాడు ఈరో. "మీరు ఎలాగూ ఆదివారం చదువుతారుగా, అప్పుడు తెలుస్తుందిలే అనుకున్నాను. కానీ ఈ పన్నెండు రోజులూ చాలా కష్టమైంది. మీరు తిట్టినందుకు కాదు. తిట్టడం మానేసినందుకు."

టెస్సా మెట్ల కమ్మీ పట్టుకుంది.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడతను. "ఆ మొదటిరోజు ఫోర్కు కింద పెట్టినప్పటి నుంచీ."

గాలికి మేపుల్ ఆకులు మెట్ల మీదికి కొట్టుకొస్తున్నాయి. టెస్సా కాలితో వాటిని పక్కకి నెట్టింది. తర్వాత ఇద్దరూ దిగి, వాకిట్లో పెట్టెలు మోస్తున్న నాన్న పక్కనుంచి నడిచి, ఇంట్లోకి వచ్చారు. నాన్న చేతిలో పెట్టె పట్టుకుని అలాగే నిలబడి చూసి, మళ్ళీ మొయ్యడంలో పడ్డాడు.

నాయనమ్మ అడుగుల చప్పుడు వింది. ఇద్దరివి.

"ఊఁ, ఏమైంది? నాకు కనపడదు, చెప్పండి. అబ్బాయ్, నువ్వు నోరు తెరవకు, కల్పిస్తావు. పిల్లా, నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

"గుమ్మంలో నిలబడ్డాం," అంది టెస్సా. "చేతులు పట్టుకుని ఉన్నాం, నాయనమ్మా."

"ముందు ఎవరు పట్టుకున్నారు?"

"నేనే," అంది టెస్సా, అది కూడా కోపంగానే.