రెల్లుపొదల్లో ఓ కునుకు

"ఇక నా వల్ల కాదు!..."

చేతిలోని టిఫిన్ డబ్బా జారి వంటగదంతా దొర్లింది. ఏమైందని అడగడానికి ఒక్కరూ రాలేదు! భర్త కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. ఆ ఇంట్లో పాట ఆయనది, పాట్లు ఆమెవి! అత్తగారికి ఆపరేషన్ అయినప్పటి నుంచీ రాత్రుళ్ళు కూడా ఆమెవి కావు. కన్ను మూతపడితే చాలు, "అమ్మాయ్, కాలు!" అన్న కేక... లేచి మందు రాయాలి. మోకాలు అత్తగారిది, మోకాలడ్డు మాత్రం ఆమె నిద్రకు!

అత్తగారు కర్రతో నడవగలుగుతున్నారని ఇవాళ కూతురితో సహా అందరూ చిత్తడినేలల్లో పక్షుల్ని చూడ్డానికి ప్రయాణం. సంచిలో డబ్బాల కింద తన బట్టలు రెండు జతలు సర్దుకుంది ఆమె. తిరుగుదారిలో అక్క ఊరి బస్సు ఎక్కేస్తుంది. మళ్ళీ రాదు!

"ఏమే, ఇంకా కాలేదా? పక్షులు మనకోసం ఆగుతాయా?" భర్త కేకేశాడు.

ఎన్ని పక్షులుంటే ఏం... తన పక్షాన ఒక్కటీ లేదు!

రెల్లుపొదల మధ్య, పక్షుల్ని చాటుగా చూసే చెక్కగది. గోడలకు సన్నని కిటికీలు, తలుపు మీద 'మాట్లాడరాదు' అన్న బోర్డు. భర్త నోరు తెరిచాడు. కాపలాదారు పెదవుల మీద వేలు పెట్టాడు. వేలం మనిషిని ఒక్క వేలుతో ఆపేశాడు!

నిశ్శబ్దం... ఎన్ని నెలలైంది అలాంటి నిశ్శబ్దం విని! ఎవరూ పిలవడం లేదు. బల్ల మీద కూర్చున్న ఆమె తల మెల్లగా పక్కకు ఒరిగింది.

కళ్ళు తెరిచేసరికి నీళ్ళ మీద ఎండ పసుపుపచ్చగా వాలింది. తల దేనిమీదుందో తెలిసి ఉలిక్కిపడింది. ఆపరేషన్ అయిన మోకాలు! అత్తగారి ముఖమంతా చెమట.

"అయ్యో అత్తయ్యా! లేపొచ్చుగా!"

"కదిలితే లేస్తావని..." గుసగుసగా అన్నారావిడ.

"అమ్మా, కొంగలన్నీ ఒక్కసారే లేచాయి!" కూతురు చెవిలో చెప్పింది. "నాన్న అరవబోతే నానమ్మ నోరు మూసేసింది!"

అత్తగారు సంచి వైపు చూశారు. "నీళ్ళసీసా కోసం తీశాను... నీ బట్టలు కనిపించాయి. అక్క దగ్గరికేనా?"

ఆమె తల వంచుకుంది. కన్నీళ్ళు బొటబొటా రాలాయి.

"వెళ్ళమ్మా. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపో. రావాలనిపిస్తేనే రా... రమ్మనే మొహం నాకు లేదు."

భర్త నేలమీద కూర్చుని తల్లి మోకాలు నిమరబోయాడు.

"అలా కాదండీ, పైనుంచి కిందికి..." అంటూ ఆమె చెయ్యి చాచింది. మధ్యలోనే ఆగి, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఆయనే నేర్చుకుంటాడు!

రోడ్డు మీదికి వచ్చేసరికి అక్క ఊరి బస్సు కదిలిపోతోంది. సంచి భుజాన వేసుకుని భర్త పరుగెత్తాడు.

"ఆపండయ్యా! మా ఆవిడ ఎక్కాలీ!"

మార్కెట్టు మొత్తం దద్దరిల్లే ఆ గొంతు, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె కోసం! బస్సు ఆగింది.

మెట్టెక్కి ఆమె వెనక్కి తిరిగింది. "అత్తయ్యా... మందు అయిపోవచ్చింది. వచ్చేటప్పుడు నేనే తెస్తాను."