చిన్న తలుపు ఎవరు వేస్తారు?

బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ మిర్చి ఒళ్లోని ఫస్ట్ ఎయిడ్ బాక్సు అటూ ఇటూ జారుతోంది. దాని మీద వాంతి కవర్ల కట్ట. డ్రైవరు వెనక సీటు, పక్కన టీచర్. క్లాసంతా పాటలు పాడుకుంటూ, బిస్కెట్లు పంచుకుంటూ రాజుగారి కోట చూడటానికి వెళ్తోంది. మిర్చి మాత్రం ఎవరికి ఎప్పుడు కడుపులో తిప్పుతుందా అని కాపలా కాస్తోంది.

మిర్చి అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే తెలుసు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని మూడేళ్ల వయసులో వాళ్ల అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు అలాగే అతుక్కుపోయింది. ఈ రోజు మండుతున్నది మాత్రం కోపం కాదు, అసూయ. మూడు సీట్ల వెనక, అందరూ రెండుజడలు అని పిలిచే తన స్నేహితురాలు, కొత్తమ్మాయి పక్కపక్కన కూర్చుని ఒకే నోట్‌బుక్కులోకి తొంగి చూస్తున్నారు. అది చూస్తుంటే మిర్చికి కడుపులో మంటగా ఉంది.

ఒకటో తరగతి నుంచీ రెండుజడలు మిర్చి పక్కనే కూర్చుంటోంది. క్లాసులో బెంచీకి ముగ్గురు పడతారు. వాళ్ల బెంచీ మీద మాత్రం ఇద్దరే ఉంటారు. మూడో చోట మిర్చి బ్యాగు కూర్చుంటుంది. ఎవరైనా జరపమంటే, పాపం దానికి నడుంనొప్పి, కింద కూర్చోలేదు అని మిర్చి చెప్పేది. రెండుజడలు పడీపడీ నవ్వేది.

నెల కిందట కొత్తమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేస్తాడట. ఇక చూడాలి, క్లాసంతా ఆమె చుట్టూ ఈగల్లా ముసిరింది. పళ్ల చక్రం అంటే ఏమిటి, స్ప్రింగు ఎందుకు బిగించాలి, ఒకటే ప్రశ్నలు. అందరికంటే ఎక్కువ అడిగేది రెండుజడలే. పైగా బస్సులో ఎవరి జత ఎవరో టీచర్ రాసుకున్న రోజున మిర్చికి జ్వరం. తిరిగి వచ్చేసరికి రెండుజడలు కొత్తమ్మాయికి జతయిపోయింది. క్లాసులో ముప్ఫై ఒక్కమంది. మిగిలిపోయిన మిర్చి టీచర్‌కి జత.

"కవర్లు ఉన్నాయిగా?" అని టీచర్ మూడోసారి అడిగింది. ఉన్నాయని మిర్చి మూతి ముడుచుకునే తలూపింది.

కోట ముందు బస్సు ఆగేసరికి పదిన్నర దాటింది. పన్నెండున్నరకల్లా మళ్లీ బస్సెక్కాలి. అందరూ జతలు జతలుగా లోపలికి నడిచారు. మొదటి గదిలో గోడ పొడవునా బెంచీలు, ఒక మూల పెద్ద చెక్కపెట్టె. పెట్టె పక్కన కళ్లజోడు తాడుకు కట్టుకున్న ఒక బామ్మ ఉంది. లోపలి నేలంతా రెండు వందల ఏళ్లనాటి చెక్క. అది గీరుకుపోకుండా, వచ్చినవాళ్లంతా బూట్ల మీద మెత్తటి గుడ్డ జోళ్లు తొడుక్కోవాలి. బూట్లు విప్పి వట్టి కాళ్లతో వస్తామన్నా కుదరదు, కాళ్ల చెమట కూడా ఆ చెక్కకు మరకేనట. అవి ఇచ్చి, మళ్లీ లెక్కపెట్టి తీసుకోవడం ఆ బామ్మ పని. ఆమె కాళ్ల వైపు ఒక్కసారి చూసి సైజు చెప్పేస్తోంది.

"ముప్ఫై రెండు జతలు, టీచరమ్మతో కలిపి. ఇంక పెట్టె ఖాళీ. మిగతావి ఇంకో బడి పిల్లల కాళ్లకు ఉన్నాయి. జాగ్రత్త. జోళ్లు లేకపోతే రాజుగారినైనా లోపలికి పంపను," అంది బామ్మ.

బెంచీ మీద కొత్తమ్మాయి తన జోళ్లు పక్కన పెట్టి, ముందు బూటు లేసు కట్టుకుంటోంది. కట్టుకుంటూనే రెండుజడలకు మళ్లీ ఆ గడియారం సంగతే చెబుతోంది. మేడ మీద ఒక గదిలో నిలువెత్తు గడియారం ఉంది. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి దానిలోని చిన్న తలుపు తెరుచుకుంటుంది. వేలెడంత బొమ్మలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. వంటవాడు, తోటమాలి, చాకలి, చివరికి రాజు. మళ్లీ అందరూ లోపలికి పోతారు, తలుపు మూసుకుంటుంది.

"ఆ తలుపు ఎవరు వేస్తారో చూసి రమ్మన్నాడు నాన్న. షాపుకి వచ్చినవాళ్లని ఎంతమందిని అడిగాడో. ఒక్కరూ సరిగ్గా చూడలేదట. నేను చూసొస్తానని మాటిచ్చాను," అంది కొత్తమ్మాయి.

రెండుజడలు కళ్లు ఇంత చేసుకుని వింటోంది. తను జ్వరం నుంచి లేచి వచ్చినప్పుడు కూడా ఆ కళ్లు అంత పెద్దవి కాలేదని మిర్చికి అనిపించింది. బెంచీ మీద గుడ్డ జోడు చేతికందేంత దూరంలో ఉంది. ఎవరూ ఇటు చూడటం లేదు. మిర్చి రెండింటిలో ఒక జోడు తీసి చేతిలోని ఫస్ట్ ఎయిడ్ బాక్సులో కుక్కేసి, టక్కున మూత పెట్టేసింది.

తరువాత చాలాసేపు వెతుకులాట. కొత్తమ్మాయి బెంచీల కింద పాకింది. బామ్మ చీపురుకర్రతో మూలమూలా తడిమింది. టీచర్ వాచీ చూసుకుంది. లోపల గైడు పిలుస్తున్నాడు. చివరికి, ఇంకో బడి పిల్లలు తిరిగొచ్చాక ఏదో ఒక జత దొరుకుతుందని, అంతవరకు బామ్మ దగ్గరే కూర్చోమని టీచర్ కొత్తమ్మాయికి చెప్పింది. చెప్పేటప్పుడు టీచర్‌కే బాధగా ఉంది. వాళ్లు పన్నెండున్నరకు గానీ రారని బామ్మ అప్పటికే చెప్పింది. కొత్తమ్మాయి ఏడవలేదు. ఒక కాలికి జోడుతో, ఒక కాలికి బూటుతో బెంచీ మీద కూర్చుండిపోయింది.

"రెండుజడలూ, నువ్వు మిర్చి చెయ్యి పట్టుకో," అంది టీచర్.

కోరుకున్నది ఎంత సులువుగా దొరికిందో! మిర్చి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుడ్డ జోళ్లతో పిల్లలు నున్నటి నేల మీద సర్రుమని జారుతున్నారు. రాజుగారి భోజనాల బల్ల, బల్లేల గది, పందిరిమంచం, అన్నీ చూపిస్తున్నాడు గైడు. మిర్చి జోకులు వేసింది. అంత ఎత్తు మంచం దిగేలోపు రాజుగారికి తెల్లారిపోయేదని అంది. రెండుజడలు నవ్వలేదు. మాటిమాటికీ మెట్ల వైపు చూస్తోంది. చెయ్యి ఇక్కడుంది, మనసు కింద బెంచీ దగ్గరుంది. మిర్చికి ఇప్పుడు ఇంకా ఎక్కువ మండింది.

"ఏంటే, నేను పక్కనున్నా నీకు ఆ అమ్మాయి ధ్యాసేనా?" అని అడిగేసింది.

"వాళ్ల నాన్నకి ఏం చెప్తుందే పాపం?"

"మనం చూసి చెబుదాంలే."

"మనం చూస్తే మనం చూసినట్టు. తను చూడాలిగా." రెండుజడలు మిర్చి వైపు తిరిగింది. "ఆ రోజు నీకోసం ఆగుతానన్నాను. అప్పుడే రాయాలంది టీచర్. ఆ అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. నాకు తనన్నా ఇష్టమే, నువ్వన్నా ఇష్టమే. దానికి నువ్వు బస్సులో నా వైపే చూడలేదు."

అంతలో వెనక దబ్బుమని చప్పుడైంది. కాలు ఒక చోట నిలవని పిల్లాడొకడున్నాడు, వాడిని అందరూ బొంగరం అంటారు. జారుడుబండ ఆట ఆడుతూ గడప దగ్గర బోర్లా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఎర్రమందు, దూది ఇమ్మని టీచర్ చెయ్యి చాపింది.

మిర్చి అటు తిరిగి, బాక్సు బెత్తెడు మాత్రం తెరిచి, లోపల తడుముకుంటూ దూది అందించింది. సీసా అందించింది. ప్రతిసారీ వేళ్లకు ఆ మెత్తటి జోడే తగులుతోంది. టీచర్ తిరిగి ఇచ్చిన సీసాని మూత బిగించకుండానే లోపలికి తోసేసింది. బొంగరం ఏడుస్తూ కూడా, పన్నెండు కాలేదు కదా, గడియారం అయిపోలేదు కదా అని అడుగుతున్నాడు.

టీచర్ వాచీలో టైము చూస్తే పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది. ఇంకాసేపట్లో ఆ తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆ తరువాత జోడు దొరికినా ఒకటే, దొరకకపోయినా ఒకటే. తను చేసిన పని మిర్చికే అసహ్యమనిపించింది.

"టీచర్, నేను కిందికి వెళ్లాలి. చాలా అర్జెంటు," అంది.

టీచర్ ఆ అర్జెంటుకు ఇంకో అర్థం చెప్పుకుని, జతతో కలిసి వెళ్లి వెంటనే రమ్మంది.

మెట్లు దిగుతూ మిర్చి ఒక ఉపాయం ఆలోచించుకుంది. జోడుని మెల్లగా బెంచీ కింద పడేసి, "అరే, ఇదిగో!" అనాలి. అంతే. ఎవరికీ తెలియదు.

కింద కొత్తమ్మాయి బామ్మకు సాయం చేస్తోంది. చిరిగిన సంచీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. వీళ్లను చూడగానే లేచి నిలబడింది.

"దొరికిందా?" అని అడిగింది.

బామ్మ అన్ని బెంచీలనూ గది మధ్యకు లాగి మరీ వెతికినట్టుంది. వాటి కింద నేల అద్దంలా ఖాళీగా ఉంది. అక్కడ ఏదీ కొత్తగా దొరికే వీల్లేదు. మిర్చి బాక్సు బెంచీ మీద పెట్టి మూత పూర్తిగా తెరిచింది.

"నేనే దాచాను."

బామ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఎందుకు?" అంది కొత్తమ్మాయి.

"రెండుజడలు నీ పక్కన కూర్చుందని. నాకు కుళ్లొచ్చింది." మిర్చి బాక్సులో చెయ్యి పెట్టింది. "తప్పు చేశాను. నువ్వు వెళ్లి చూడు, ఇంకా టైముంది."

కానీ జోడు తీసేసరికి అది సగానికి పైగా ఎర్రగా ఉంది. బిగించని సీసాలోంచి మందంతా దాని మీదకే ఒలికింది. బామ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇది లోపల అడుగు పెడితే చెక్క మీద మరక పడుతుంది. కుదరదమ్మా."

కొత్తమ్మాయి అప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుంది. మిర్చి నేల మీద చతికిలబడి తన జోడొకటి విప్పి ఇచ్చింది. కొత్తమ్మాయి కాళ్లు చిన్నవి, ఆ జోడు వదులైంది. మిర్చి బాక్సులోంచి బ్యాండేజీ తీసి చీలమండ చుట్టూ కట్టి, ముడి వేసింది.

"మరి నువ్వు?" అంది కొత్తమ్మాయి.

"నేను ఇక్కడుంటా. త్వరగా వెళ్లు."

రెండుజడలు ఇంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మిర్చి వైపు చూడలేదు. కొత్తమ్మాయి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. పొద్దున్న బస్సులో చూడలేక తల తిప్పుకున్న ఆ రెండు తలల్నే మలుపు దాటేదాకా చూస్తూ నిలబడింది మిర్చి. మండలేదని కాదు. మండింది. అయినా చూస్తూనే ఉంది.

బామ్మ ఏమీ తిట్టలేదు. ఒక బకెట్టు, సబ్బు ముక్క ఇచ్చి కుళాయి చూపించింది. మిర్చి జోడు రుద్దుతుంటే పైన గడియారం కొట్టడం మొదలైంది. పన్నెండు గంటలూ లెక్కపెట్టింది. పిల్లల కేకలు వినిపించాయి, చప్పట్లు వినిపించాయి. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి. ఆ తలుపు ఇప్పుడే మూసుకుని ఉంటుందని మిర్చి అనుకుంది. మరక ఎంత రుద్దినా గులాబి రంగులోకి దిగింది గానీ పూర్తిగా పోలేదు.

అందరూ కిందికి వచ్చాక, టీచర్ అడగకముందే మిర్చి జరిగిందంతా చెప్పేసింది. ఇదే మాట ఇంటికెళ్లి అమ్మతో కూడా చెప్పమంది టీచర్. చెప్పావా అని రేపు అడుగుతానంది. ఆ తరువాత బొంగరం మోకాలు చూడటానికి వెళ్లిపోయింది.

కొత్తమ్మాయి బ్యాండేజీ విప్పి, చుట్టచుట్టి, జోడుతో పాటు తెచ్చి ఇచ్చింది.

"చూశావా?" అని మెల్లగా అడిగింది మిర్చి.

"చూశాను."

"ఎవరు వేస్తారు తలుపు?"

కొత్తమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ముందు మా నాన్నకి చెప్పాలి," అంది.

తిరుగు ప్రయాణంలో మిర్చి మళ్లీ డ్రైవరు వెనకే కూర్చుంది. రెండుజడలు మాట్లాడలేదు. ఇద్దరికి కవర్లు అవసరమయ్యాయి. మిర్చి లేచి వెళ్లి ఇచ్చింది, నీళ్లు కూడా పట్టుకెళ్లింది. ఆ రాత్రి అమ్మతో చెప్పడం కోట మెట్లన్నీ ఎక్కడం కంటే కష్టమైంది.

మర్నాడు మిర్చి అందరికంటే ముందు బడికి వచ్చింది. బెంచీ మూడో చోట అలవాటుగా బ్యాగు పెట్టింది. మళ్లీ తీసింది. బెంచీ కిందకు తోసి, తను గోడ వైపుకు జరిగి కూర్చుంది.

రెండుజడలు వచ్చింది. బెంచీ వైపు చూసింది, కింద బ్యాగు వైపు చూసింది. ఈ చివర కూర్చుంది. మధ్యలో ఒకరికి సరిపడా ఖాళీ ఉంది.

కొత్తమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అక్కడ నీ బ్యాగు ఉంటుందిగా?" అంది.

"దానికి నడుంనొప్పి తగ్గిపోయింది," అంది మిర్చి.

రెండుజడలు నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొత్తమ్మాయి వచ్చి ఇద్దరి మధ్య కూర్చుని నోట్‌బుక్కు తెరిచింది. పేజీ నిండా చిన్న తలుపు, దాని ముందు బొమ్మలు గీసి ఉన్నాయి.

"నాన్నకి చెప్పేశాను. ఇప్పుడు నీకు చెప్తా. రాజే వేస్తాడు," అంది. "అందరూ లోపలికి వెళ్లేదాకా తలుపు పట్టుకుని పక్కన నిలబడతాడు. చివర్లో తను వెళ్తూ లాగేసుకుంటాడు. ఆయన చెయ్యి తలుపుకే అతికించి ఉంది."

మిర్చి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. అంతలో ప్రార్థన గంట కొట్టారు. పిల్లలంతా తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. మిర్చి ముందుకు దూకలేదు. తలుపు రెక్క పట్టుకుని పక్కకు నిలబడింది. రెండుజడలు వెళ్లింది, కొత్తమ్మాయి వెళ్లింది, కుంటుకుంటూ బొంగరం వెళ్లాడు. అందరూ దాటాక మిర్చి బయటికి వచ్చి తలుపు వేసింది.